మీరడిగారు: నాలుగు కోర్లున్నా పీఎస్2 ఎందుకు ఆడదు?

పోయిన నెల ఇక్కడ, చేతిలో పట్టుకుని పాత గేమ్‌లు ఆడుకునే చిన్న డివైస్‌ల (హ్యాండ్‌హెల్డ్‌ల) గురించి రెండు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు, అన్నిట్లో అడిగింది మాత్రం దాదాపు ఒకటే, "ఇది ఆడుతోంది, అది ఎందుకు ఆడట్లేదు?" అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. కొత్తవాళ్ళకి ఒక మాట: పీఎస్1, పీఎస్2, పీఎస్‌పీ అంటే సోనీ ప్లేస్టేషన్ గేమ్ మెషిన్లు, కోర్ అంటే చిప్ లోపల విడిగా పని చేసే ఒక్కో ప్రాసెసర్ భాగం.

వరంగల్ నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్: అన్నా, రెండు నెలలు పైసలు దాచుకుని నాలుగు వేలు పెట్టి హ్యాండ్‌హెల్డ్ కొన్న. అమ్మినాయన పీఎస్2 దాకా అన్నీ నడుస్తయ్ అన్నడు. మారియో, కాంట్రా మస్తు నడుస్తున్నయ్, టెక్కెన్ 3 కూడా మక్ఖన్ లెక్క పోతుంది. పీఎస్2 అయితే మెనూలనే లేదు, పీఎస్‌పీ గాడ్ ఆఫ్ వార్ పెడితే స్లో మోషన్ల పోతుంది. చిప్ ఆర్‌కే3326, 4 కోర్లు, 1.5 గిగాహెర్ట్జ్ అని రాసుంది. పీఎస్2 ప్రాసెసర్ 300 మెగాహెర్ట్జ్ లోపే గదా, అయిదింతల స్పీడున్న చిప్ మీద ఎందుకు నడవది? నా పీస్ ఖరాబా?

తమ్ముడూ, నీ పీస్‌కి ఏమీ కాలేదు, అది చెయ్యగలిగిన పనంతా చేస్తోంది. అబద్ధం చెప్పింది అమ్మినాయన. రెండు నెలలు దాచుకున్న డబ్బులు అన్నావు చూడు, అది చదివి నిజంగా బాధేసింది, అందుకే నీకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మెగాహెర్ట్జ్‌ని మెగాహెర్ట్జ్‌తో పోల్చడం దగ్గరే లెక్క తప్పుతోంది. పీఎస్2 గేమ్ రాసింది మిప్స్ అనే ప్రాసెసర్ భాషలో, నీ చేతిలో ఉన్న చిప్‌కి తెలిసింది ఆర్మ్ భాష. మధ్యలో ఎమ్యులేటర్, అంటే పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రామ్, దుబాసీ పని చెయ్యాలి. ఈ దుబాసీ పని రెండు రకాలు. ఒకటి, గేమ్ చెప్పే ప్రతి మాటనీ విని అప్పటికప్పుడు అనువాదం చెయ్యడం, అదే మాట గేమ్ వెయ్యిసార్లు చెప్తే వెయ్యిసార్లూ మళ్ళీ మొదట్నుంచి చెయ్యడం, దీన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు, ఇక్కడ గేమ్ చెప్పే ఒక్క ఆదేశానికి మన చిప్ ఎన్నో ఆదేశాలు ఖర్చు పెట్టాలి. రెండోది, ఒకసారి అనువాదం చేసింది రాసి పెట్టుకుని మళ్ళీ అదే మాట వస్తే ఆ కాగితం తీసి చదివెయ్యడం, దీన్ని డైనారెక్ అంటారు, చాలా ఫాస్ట్. నీ టెక్కెన్ 3 మక్ఖన్ లెక్క పోవడానికి కారణం ఇదే. పీఎస్1 ప్రాసెసర్ 33.87 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 ఎంబీ, పైగా పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటర్‌లో ఆర్మ్ చిప్‌ల కోసమే చేత్తో చెక్కినట్టు రాసిన డైనారెక్ ఉంది.

ఇక పీఎస్2 దగ్గరికి రా. మెయిన్ ప్రాసెసర్ 294.9 మెగాహెర్ట్జ్ నిజమే, కానీ అదొక్కటే కాదుగా. దాని పక్కన లెక్కలు చెయ్యడానికే రెండు వెక్టర్ యూనిట్లున్నాయి, బొమ్మలు గీయడానికి వేరే చిప్ ఉంది, కంట్రోలర్, డిస్క్, సౌండ్ చూసుకోవడానికి ఇంకో ప్రాసెసర్ ఉంది, ఆ ఇంకో ప్రాసెసర్ ఏంటో తెలుసా, సాక్షాత్తూ పాత పీఎస్1 ప్రాసెసరే. అంటే పీఎస్1 మెదడు మొత్తం పీఎస్2కి ఒక గుమాస్తా. వీళ్ళందరి పనీ నీ చిప్ ఒక్కటే చెయ్యాలి. ఆ బొమ్మల చిప్ లోపల 4 ఎంబీ మెమరీ ఉంటుంది, చిన్నదే, కానీ దాన్లోకి సెకనుకి 48 గిగాబైట్ల వేగంతో రాయొచ్చు తియ్యొచ్చు, 2000 సంవత్సరంలో! నీ డివైస్ మెమరీ ఈ రోజుకీ దాని దరిదాపుల్లోకి రాదు. ఆ వేగం ఉంది కదా అని అప్పటి గేమ్ రాసినవాళ్ళు పొగ, నీడ, వెలుగు అంటూ స్క్రీన్ మీద పొర మీద పొర గీసేవాళ్ళు.

"మరి నాలుగు కోర్లున్నాయి కదా, పని పంచెయ్యొచ్చుగా" అంటావు. ఇక్కడే అసలు సంగతి ఉంది, దీన్ని పీఎస్2తో కాదు, నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్న మారియోతో చెప్తా.

మారియో ఆడేటప్పుడు స్క్రీన్ పైన ఒక పట్టీ ఉంటుంది, స్కోరు, కాయిన్లు, టైమ్. మారియో ఎంత పరిగెత్తినా ఆ పట్టీ కదలదు, కింద నేల మాత్రం వెనక్కి జరుగుతూ ఉంటుంది. మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ మారియో నడిచిన ఆ పాత నింటెండో మెషిన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌కి స్క్రోల్ సెట్టింగ్ ఒక్కటే ఉంటుంది, జరిపితే మొత్తం జరగాలి. అందుకని గేమ్ ఏం చేస్తుందంటే, పట్టీలో కాయిన్ బొమ్మ ఉంటుంది చూడు, దాని కింది అంచు దగ్గర ఒక చిన్న స్ప్రైట్ (బ్యాక్‌గ్రౌండ్‌తో పని లేకుండా విడిగా పెట్టే చిన్న బొమ్మ) దాచి పెడుతుంది. టీవీ మీద గీత గీతగా బొమ్మ పడుతూ పడుతూ ఆ చోటికి రాగానే బొమ్మల చిప్ ఒక జెండా ఎత్తుతుంది, ప్రాసెసర్ అప్పటిదాకా ఇంకే పనీ పెట్టుకోకుండా ఆ జెండా కోసమే కళ్ళప్పగించి చూస్తూ, అది లేవగానే స్క్రోల్ మార్చేస్తుంది, ఇక అక్కడి నుంచి కిందంతా జరుగుతుంది. ప్రతి ఫ్రేమ్‌లో (స్క్రీన్ మీద ఒకసారి పడే పూర్తి బొమ్మే ఫ్రేమ్), సెకనుకి 60 సార్లు. ప్రాసెసర్ ఒక్క టిక్ కొట్టేలోపు బొమ్మల చిప్ మూడు చుక్కలు గీస్తుంది, ఎమ్యులేటర్ ఆ లెక్క తప్పకుండా ఇద్దర్నీ పక్కపక్కనే నడిపించాలి. జెండా ఎత్తడం మర్చిపోయిందనుకో, గేమ్ అక్కడే నిలబడి పోతుంది.

కోలాటం చూశావు కదా, పక్కవాడి కర్ర తగిలాకే నీ అడుగు పడాలి. ఒకణ్ణి ఈ వీధిలో, ఇంకొకణ్ణి ఆ వీధిలో పెట్టి కోలాటం ఆడమంటే ఎలా కుదరదో, ప్రాసెసర్‌ని ఒక కోర్ మీద, బొమ్మల చిప్‌ని ఇంకో కోర్ మీద పెడితే అలాగే కుదరదు, ప్రతి టిక్‌కీ ఒకళ్ళ కోసం ఇంకొకళ్ళు ఆగడంలోనే టైమంతా అయిపోతుంది. కొన్ని పనులు, ఉదాహరణకి సౌండ్ కలపడం, పీఎస్1లో బొమ్మ గీయడం లాంటివి పక్క కోర్‌కి తోయొచ్చు, అసలు బరువు మాత్రం ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. నీ చిప్‌లో ఆ కోర్ కార్టెక్స్-ఏ35, ఫోన్లలో కరెంటు తక్కువ తాగాలని చేసిన చిన్న కోర్.

ఇంత కచ్చితంగా చెయ్యాలంటే ఎంత ఖర్చవుతుందో ఒక్క ఉదాహరణ. సూపర్ నింటెండో ప్రాసెసర్ ఎక్కువలో ఎక్కువ 3.58 మెగాహెర్ట్జ్. బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసిన బైయూ, ఆ మెషిన్‌ని తు.చ. తప్పకుండా అనుకరించాలంటే 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాల్సి వస్తోందని 2011లో వివరంగా రాశాడు. మరి మన చిన్న డివైస్‌లో అదే సూపర్ నింటెండో ఎలా ఆడుతోంది అంటే, స్నెస్9ఎక్స్ అనే ఇంకో ఎమ్యులేటర్ పాత వెర్షన్లు కొన్ని విషయాలు చూసీ చూడనట్టు వదిలేస్తాయి కాబట్టి. చాలా గేమ్‌లకి ఆ తేడా మనకి తెలియను కూడా తెలియదు. నేనైతే దాన్ని తక్కువగా చూడను, అంత చిన్న చిప్‌లో ఏది వదిలెయ్యొచ్చో, ఏది వదలకూడదో తెలుసుకుని రాయడం చాలా పెద్ద పనితనం.

నీ గాడ్ ఆఫ్ వార్ విషయానికొస్తే, పీఎస్‌పీ చిప్ 333 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది గానీ మొదట్లో సోనీ గేమ్‌లకి 222 దాకానే వాడుకోనిచ్చింది, గాడ్ ఆఫ్ వార్ ఆ పూర్తి స్పీడుని వాడుకున్న గేమ్. అందుకని పీఎస్‌పీలో తేలికపాటివి, ముఖ్యంగా 2డీ గేమ్‌లు పెట్టి చూడు, రెండరింగ్ రిజల్యూషన్ 1 రెట్టు మీద, ఫ్రేమ్ స్కిప్ 1 మీద పెట్టు. చాలావరకు ఆడుకోవచ్చు. గాడ్ ఆఫ్ వార్ మాత్రం ఆ చిప్ మీద సరిగ్గా రాదు, దాని కోసం టైమ్ వేస్ట్ చేసుకోకు. అమ్మినాయన చెప్పిన మాట స్క్రీన్‌షాట్‌గా ఉంటే, రిటర్న్ టైమ్ ఇంకా ఉంటే, నిర్మొహమాటంగా వెనక్కిచ్చెయ్ తమ్ముడూ, అందులో నీ తప్పేం లేదు.

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు: పీఎస్1, ఎన్64 (నింటెండో 64) రెండూ ఒకే కాలం మెషిన్లు కదండీ. నా దాంట్లో పీఎస్1 గేమ్‌లన్నీ బాగా ఆడుతున్నాయి, ఎన్64లో ఒకటి బాగుంటే ఇంకోటి బొమ్మలు చెదిరిపోయి కనిపిస్తాయి. ఎందుకంటారు?

కాలం ఒకటే గానీ కట్టుబడి వేరండి. ఎన్64 ప్రాసెసర్ 93.75 మెగాహెర్ట్జ్, పీఎస్1కి దాదాపు మూడింతలు. అసలు చిక్కు అది కూడా కాదు. దాని బొమ్మల చిప్‌ని ఎలా నడపాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్, మైక్రోకోడ్ అంటారు, గేమ్‌తో పాటే వస్తుంది, ఫ్యాక్టర్ 5 లాంటి కంపెనీలు ఈ మైక్రోకోడ్‌ని సొంతంగా రాసుకున్నాయి. చిన్న డివైస్‌లలో ఎమ్యులేటర్‌కి ఆ చిప్‌ని నిజంగా అనుకరించేంత ఓపిక ఉండదు, కాబట్టి "ఈ మైక్రోకోడ్ నాకు తెలిసినదే, ఇది త్రికోణం గీయమంటోంది" అని గుర్తుపట్టి నేరుగా మన డివైస్‌లో బొమ్మలు గీసే జీపీయూకి చెప్పేస్తుంది. తెలిసిన మైక్రోకోడ్ అయితే సాఫీగా వెళ్తుంది, వింతగా రాసుకున్నదైతే చెదిరిపోతుంది. ఒక్కో గేమ్‌కీ గ్రాఫిక్స్ ప్లగిన్ (ఎమ్యులేటర్‌లో బొమ్మల పని చూసే ముక్క) మార్చి చూడండి, రైస్ అనే ప్లగిన్‌లో రానిది గ్లైడ్64లో రావచ్చు, ఏ గేమ్‌కి ఏది కుదిరిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, నేను అలాగే చేస్తా.

సెగా శాటర్న్ అనే పాత గేమ్ మెషిన్ గురించి కూడా అడిగారు. ఒకేరకం ప్రాసెసర్లు రెండు, బొమ్మలకి రెండు చిప్‌లు, సౌండ్‌కి వేరే, అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ పని చేస్తారు. పైన చెప్పిన కోలాటమే, మనుషులు ఎక్కువ. చిన్న చిప్ మీద ఆశ పెట్టుకోకండి.

కర్నూలు నుంచి: సార్, మా ఊళ్ళో గేమ్ పార్లర్‌లో రూపాయి కాయిన్ వేసి ముస్తఫా ఆడేవాళ్ళం. ఇప్పుడు అది పెడితే ఏవో ఫైళ్ళు లేవు అంటోంది. డివైస్‌కి పవర్ సరిపోవట్లేదా?

ముస్తఫా పేరు చదవగానే ఆ కట్టె డబ్బా, ఎర్ర గుండు స్టిక్, వెనకాల "నీ తర్వాత నేనే" అని నిలబడ్డ పిల్లలు అందరూ కళ్ళ ముందుకొచ్చారు. అది క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, అందులో ఒక హీరో పేరు ముస్తఫా, మనవాళ్ళు గేమ్‌కే ఆ పేరు పెట్టేసుకున్నారు.

పవర్ సమస్య కానే కాదండి. అందులో ఉన్నది 68000 రకం ప్రాసెసరు, సౌండ్‌కి జెడ్80 అనే ఇంకో చిన్న ప్రాసెసరు, మీ డివైస్‌కి అది లెక్కే కాదు. ఆర్కేడ్ గేమ్ అంటే ఒక్క ఫైలు కాదు, ఆ బోర్డు మీదున్న ఒక్కో మెమరీ చిప్‌లోంచి తీసిన ముక్కలన్నీ కలిపిన కట్ట. ఎమ్యులేటర్ వెర్షన్ మారినప్పుడల్లా ఏ ముక్క ఏ పేరుతో ఉండాలో కూడా మారుతూ ఉంటుంది. మామె 2003 ప్లస్ అనే ఎమ్యులేటర్‌కి సరిపోయే కట్ట ఎఫ్‌బీనియో అనే ఇంకోదాంట్లో తెరుచుకోకపోవచ్చు. జిప్ ఫైల్ పేరు డైనో (dino) అనే ఉండాలి, మీరు ప్రేమగా ముస్తఫా అని మార్చారనుకోండి, ఎమ్యులేటర్ దాన్ని గుర్తుపట్టదు. కొన్ని వెర్షన్లకి క్యూసౌండ్ అనే సౌండ్ చిప్ ఫైల్ కూడా పక్కన ఉండాలి. జిప్‌ని విప్పకండి.

గేమ్ ఫైళ్ళు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడిగారు, అది ఈ శీర్షికలో చెప్పను. ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదని అమెరికాలో 2000లోనే సోనీకీ, కనెక్టిక్స్ అనే ఎమ్యులేటర్ కంపెనీకీ మధ్య నడిచిన కేసులో అప్పీల్ కోర్టు తేల్చింది, గేమ్ మాత్రం దాని హక్కుదారు సొత్తే. క్యాప్‌కామ్ తన పాత ఆర్కేడ్ గేమ్‌లు చాలా ఇప్పుడు అధికారికంగా అమ్ముతోంది, దొరికినవి కొనుక్కోండి.

విశాఖ నుంచి ఒక అమ్మాయి: గేమ్ బాయ్ అడ్వాన్స్ గేమ్‌లు స్పీడ్‌గానే ఆడుతున్నాయి, కానీ నడుస్తుంటే నేల మీద గీతలు అలలు అలలుగా వణుకుతున్నాయి. స్క్రీన్ పోయిందా అన్నయ్యా?

స్క్రీన్ బాగానే ఉందమ్మా. అసలు గేమ్ బొమ్మ 240 బై 160 చుక్కలు, నీ స్క్రీన్ 640 బై 480 అనుకుందాం. అడ్డంగా నింపాలంటే ఒక్కో చుక్కని 2.67 చుక్కలు చెయ్యాలి, అలాంటి చుక్క ఉండదు కదా, అందుకని కొన్ని చుక్కలు మూడు వెడల్పు, కొన్ని రెండు వెడల్పు అవుతాయి, బొమ్మ కదులుతుంటే ఆ వెడల్పులు మారుతూ నీకు వణికినట్టు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఇంటీజర్ స్కేల్ ఆన్ చెయ్యి, బొమ్మ సరిగ్గా రెండింతలై 480 బై 320కి తగ్గుతుంది, చుట్టూ నల్ల అంచు వస్తుంది, బొమ్మ మాత్రం కడిగిన ముత్యంలా ఉంటుంది. అంచు నచ్చకపోతే షార్ప్ బైలినియర్ అనే షేడర్ (బొమ్మకి మెరుగు పెట్టే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకో, అది తేలిక. కొత్తగా కొనేవాళ్ళు ఈ గేమ్‌ల కోసమే అయితే 720 బై 480 స్క్రీన్ ఉన్నది చూసుకోండి, సరిగ్గా మూడింతలు.

నెల్లూరు నుంచి: సౌండ్ మధ్య మధ్యలో చిటపటమంటోంది. స్పీకర్ మార్పించాలా?

వద్దు. ఒక్కో ఫ్రేమ్‌కి మీ చిప్ దగ్గరున్న టైమ్ 16.7 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేమ్ 20 పట్టిందనుకోండి, కంటికి పెద్దగా తెలియదు, కానీ సౌండ్ అప్పటికే అయిపోయి ఖాళీ అవుతుంది, ఆ ఖాళీయే చిటపట. చెవి కంటికన్నా ముందు కనిపెడుతుంది. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో రన్-అహెడ్, రివైండ్ (ఆటని వెనక్కి తిప్పడం), బరువైన షేడర్లు తీసెయ్యండి, ముఖ్యంగా రన్-అహెడ్, అది బటన్ ఆలస్యం తగ్గించడానికి ప్రతి ఫ్రేమ్‌లో అదనపు ఫ్రేమ్‌లు లెక్క కడుతుంది, చిన్న చిప్‌కి మోత ఎక్కువ. అప్పటికీ పోకపోతే ఆడియో లేటెన్సీ (సౌండ్‌ని ఎన్ని మిల్లీసెకన్లు ముందే పోగు చేసి పెట్టుకోవాలన్న సెట్టింగ్) 64 నుంచి 96కి పెంచండి.

కరీంనగర్ నుంచి: ఓవర్‌క్లాక్ చేస్తే ఎన్64 గేమ్‌లు ఫుల్ స్పీడ్ వస్తయా?

గేమ్ ఇప్పుడు ఎన్ని ఫ్రేమ్‌ల దగ్గరుందో దాన్నిబట్టి. ఓవర్‌క్లాక్ అంటే చిప్‌ని దాని మామూలు స్పీడుకన్నా ఎక్కువ స్పీడులో నడపడం. 1.5 గిగాహెర్ట్జ్‌ని 1.8 చేశారనుకోండి, పెరిగింది అయిదో వంతు. 50 ఫ్రేమ్‌లు వస్తున్న గేమ్ 60కి చేరుతుంది, పండగే. 25 వస్తున్న గేమ్ 30కి చేరుతుంది, మార్పేం తెలియదు. స్పీడ్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, వేడి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. నేను ఒకసారి మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుని ఇదే పని చేశా, మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం, తర్వాత వెనక ప్లాస్టిక్ టీ గ్లాసు పట్టుకున్నట్టు అయింది, మూలన ఫ్రేమ్‌ల లెక్క 60, 57, 49 అంటూ దిగిపోయింది, చిప్ తనని తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించేసుకుంది. ఆఖరికి మామూలు సెట్టింగ్‌కన్నా తక్కువే మిగిలింది.

మచిలీపట్నం నుంచి: నాలుగు నెలలు ఆడిన సేవ్‌లు అన్నీ పోయాయి, కార్డు చదవట్లేదు.

చాలా బాధగా ఉందండి. డబ్బాతో పాటు ఉచితంగా వచ్చే పేరు లేని మెమరీ కార్డులు తొందరగా చచ్చిపోతాయి. మిగతా అందరికీ చెప్తున్నా, కొన్న రోజే మంచి కార్డు మీదకి మొత్తం కాపీ చేసుకోండి, నెలకోసారి సేవ్ ఫోల్డర్ కంప్యూటర్‌లో పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి జీటీఏ వైస్ సిటీ గేమ్ ఆడిన బ్యాచ్ మాది. అది ఆడాలి. పీఎస్2 ఎమ్యులేషన్‌కి ఎంత పెట్టాలి?

పీఎస్2నే ఎమ్యులేట్ చెయ్యాలంటే ఆండ్రాయిడ్‌లో ఏథర్‌ఎస్‌ఎక్స్2 అనే పీఎస్2 ఎమ్యులేటర్ రాసినాయన స్నాప్‌డ్రాగన్ 845 అనే ఫోన్ చిప్ స్థాయి ఉండాలన్నాడు, 2023 మొదట్లో ఆయన ఆ పని ఆపేశాడు కూడా. అంటే నాలుగైదు వేల డివైస్‌లు మర్చిపోండి, మంచి ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌కో, ఫోన్‌కో వెళ్ళాలి.

కానీ మీకు కావాల్సింది పీఎస్2 కాదు, వైస్ సిటీ. రాక్‌స్టార్ ఆ గేమ్‌ని 2012 డిసెంబర్‌లోనే ఫోన్లకి తెచ్చింది, అప్పటి ఫోన్ల మీద చక్కగా ఆడింది. అదే గేమ్, అదే ఊరు, అదే బైకు, ఎమ్యులేటర్‌లో అంత పెద్ద చిప్ అడిగేది పదేళ్ళ కిందటి ఫోన్‌లో ఎందుకు ఆడిందంటే, దాన్ని నేరుగా ఆర్మ్ భాషలోనే మళ్ళీ తయారు చేశారు, మధ్యలో దుబాసీ లేడు. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ ఫోన్‌లో యాప్ స్టోర్ తెరిచి వెతకండి, దొరికితే కొనుక్కుని, ఫోన్‌కి తగిలించుకునే ఒక కంట్రోలర్ తీసుకోండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దు, సౌండ్ ఆలస్యంగా వస్తుంది, వైరున్నవే పెట్టుకోండి, వైస్ సిటీలో రేడియో వినకపోతే ఎలా!